హైదరాబాద్‌కి సరాసరి విమానం ఎందుకు లేదంటే...

రేపు సాయంత్రం ఫ్లయిట్ అనగా ఇవాళ రాత్రి మన ఇళ్లల్లో జరిగే తంతు గురించి అమెరికాలోని తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. హాలు మధ్యలో నాలుగు సూట్‌కేసులు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. కాస్ట్‌కోలో కొన్న బాదంపప్పు, పిల్లలకు చాక్లెట్లు, పెదనాన్నగారికి విటమిన్ మాత్రలు, ఎవరో మిత్రుడు "చిన్నదేనండీ, మావాళ్లు ఇంటికొచ్చి తీసుకుంటారు" అని తెచ్చి పెట్టిపోయిన పాత ల్యాప్‌టాప్... అన్నీ కుక్కాక సూట్‌కేసు పిడికి కాటా తగిలించి ఊపిరి బిగబట్టి పైకెత్తడం. 23 కిలోలు. అంటే 50 పౌండ్లు. దాటితే తీసెయ్యాలి. తగ్గితే ఇంకేదో ఒకటి దూర్చాలి.

మొన్న మా ఇంట్లోనూ ఇదే జరిగింది. షికాగోలో మా దగ్గర ఆరు నెలలున్న అమ్మానాన్నల తిరుగు ప్రయాణం. ఆరో నెల వచ్చేసరికి అమ్మకి ఇల్లు గుర్తొచ్చింది, నాన్నకి ఇంటి ముందు టీ కొట్టు గుర్తొచ్చింది. అంతా బాగానే ఉంది కానీ అమ్మకి మధ్యలో విమానం మారాలంటే భయం. మోకాళ్ల నొప్పులు, ఇంగ్లిషు రాదు, ఆ గేటు ఎక్కడుందో, అక్కడ వీల్‌చెయిర్ వాడు వస్తాడో రాడో... సూట్‌కేసు జిప్పు లాగుతూ అడిగింది.

"ఏరా, ఇక్కడ ఎక్కితే ఎక్కడా దిగకుండా హైదరాబాద్‌లో దింపే విమానం ఒక్కటీ లేదా? గుడికెళ్తే మనవాళ్లే, షాపుకెళ్తే మనవాళ్లే. ఇంతమంది ఉన్నా ఒక్క విమానం వెయ్యలేరా?"

లేదమ్మా అన్నాం. ఎందుకు లేదంది. మా ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. దేనికైనా సమాధానం ఉందనుకునే జాతి మాది. అయినా దీనికి నోరు పెగల్లేదు. "గిట్టుబాటు కాదేమో" అని గొణిగాం. ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరైన నాన్న ఊరుకోలేదు. "గిట్టుబాటు కాకపోడానికి కారణం ఉంటది కదా. బండిలో ఉందా, రోడ్డులో ఉందా, ప్యాసింజర్లో ఉందా?" అన్నాడు. ఆ మూడు ముక్కల ప్రశ్న పట్టుకుని నాలుగైదు రాత్రులు కూర్చుంటే తెలిసిన సంగతులివి.

ఒకప్పుడు ఉండేది!

ముందు మాట సవరించుకోవాలి. అలాంటి విమానం అసలు లేకపోలేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగో, హైదరాబాద్‌ల మధ్య నాన్‌స్టాప్ సర్వీసు మొదలుపెట్టింది. తొలి విమానం షికాగో నుంచి బయల్దేరి జనవరి 15న శంషాబాద్‌లో దిగింది. బోయింగ్ 777-200ఎల్ఆర్ రకం. ఫస్ట్ క్లాసులో 8, బిజినెస్‌లో 35, ఎకానమీలో 195, మొత్తం 238 సీట్లు. భూగోళం మీద దారం పెట్టి కొలిస్తే ఈ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. గాల్లోనే 16 గంటలు పైన. వారానికి ఒక్కసారే నడిచేది. కోవిడ్ రోజులు కావడంతో మనవాళ్లలో చాలామందికి ఎక్కే యోగం పట్టలేదు. ఎక్కువ కాలం నిలవకుండానే ఆ సర్వీసు ఆగిపోయింది.

అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు కూడా ఇదే రకం విమానం ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరింది. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ బృందంలో కెప్టెన్ పాపగారి తన్మయి ఒకరు. ఆ పేరు వినగానే మన ఇళ్లల్లో ఎంత సందడి అయిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అంటే బండికి సత్తా ఉంది. ఎగిరి చూపించింది కూడా. మరి చిక్కెక్కడ?

ఎడ్లబండి, చొప్ప మోపులు

పూర్వం ఎడ్లబండి కట్టుకుని తిరుపతి వెళ్లేవాళ్లు దారి పొడుగునా ఎడ్లకి మేత దొరకదేమోనని చొప్ప కూడా బండిలోనే వేసుకునేవారట. రెండు రోజుల దారైతే రెండు మోపులు. పది రోజుల దారైతే పది మోపులు. కానీ పది మోపులు వేస్తే బండి బరువెక్కుతుంది. బరువెక్కిన బండి లాగడానికి ఎడ్లు ఇంకాస్త ఎక్కువ తింటాయి. ఆ ఎక్కువ తిండికి ఇంకో మోపు వెయ్యాలి. ఆ మోపు బరువుకి మరికాస్త. దారి మరీ పొడుగైతే చివరికి బండి నిండా చొప్పే ఉంటుంది, మనిషి కూర్చోడానికి చోటుండదు.

దూరాలు ఎగిరే విమానాల కథంతా ఇదే. గాల్లో పెట్రోలు బంకు లేదు కదా. వైమానిక రంగంలో ఒక మోటు లెక్క వాడతారు. విమానంలో అదనంగా ఎంత బరువు వేస్తే, దాన్ని మోయడానికే గంటకు అందులో 3, 4 శాతం ఇంధనం ఖర్చవుతుంది. మన రెండు సూట్‌కేసులు కలిపి 46 కిలోలు. పదహారు గంటలు మోస్తే, వాటి కోసమే ఇరవై కిలోలకు అటూ ఇటూగా ఇంధనం కాలిపోతుంది. పెదనాన్నగారి విటమిన్ మాత్రల సంగతి ఆలోచించండి ఇక!

777-200ఎల్ఆర్ ఒట్టి బరువు, అంటే మనుషులు, ఇంధనం లేకుండా, దాదాపు 145 టన్నులు. ట్యాంకులు నిండా పడితే పట్టే ఇంధనం 1,81,000 లీటర్ల పైమాట. అదీ దాదాపు 145 టన్నులే! అంటే బండి ఎంత బరువో, అందులో మేత కూడా అంత బరువు. ఈ ముక్క చెప్పగానే నాన్న "లారీ తూకమంత డీజిలు లారీలోనే వేసుకుపోతాడా?" అని చాలాసేపు తల ఊపుతూ ఉండిపోయాడు.

ఆ విమానం గరిష్ఠంగా 347 టన్నులతో నేలను వదలగలదు. ఇంధనం, ఒట్టి బరువు పోగా ఇంకో 57 టన్నులు మిగులుతుంది. మనుషులకి, సామాన్లకి ఢోకా లేదు, పైన సరుకులు కూడా వేసుకోవచ్చు. కాకపోతే గంటకు సుమారు ఏడు, ఎనిమిది టన్నుల ఇంధనం తాగుతుంది.

ఇప్పుడు పొదుపు విమానంగా పేరున్న 787-9 డ్రీమ్‌లైనర్ సంగతి చూద్దాం. గంటకు ఐదారు టన్నులతో సరిపెట్టుకుంటుంది. కంపెనీ లెక్క ప్రకారం 290 మంది చిల్లరతో 14,000 కిలోమీటర్లు ఎగురుతుంది. షికాగో నుంచి హైదరాబాద్‌కి 13,300 చాలు కదా, ఇంకేం, ఇదే వేసెయ్యొచ్చు అనిపిస్తుంది. మేమూ అక్కడే బోల్తా పడ్డాం. కంపెనీ చెప్పే దూరం ఎదురుగాలి లేని రోజు, మామూలు లగేజీతో, తిన్నటి దారిలో. మన ప్రయాణం అలా ఉండదు. హైదరాబాద్ నుంచి షికాగోకి వెళ్లేటప్పుడు, ముఖ్యంగా చలికాలంలో, పడమటి గాలులు ఎదురు కొడతాయి. దారి మళ్లించాల్సి వస్తే వాడుకోడానికి రిజర్వు ఇంధనం ఉండి తీరాలి. అన్నీ కలిపితే 16, 17 గంటల ప్రయాణానికి ట్యాంకు దాదాపు నిండాల్సిందే.

డ్రీమ్‌లైనర్ గరిష్ఠ బరువు 254 టన్నులు. ఒట్టి బరువు సుమారు 129. నిండు ట్యాంకు సుమారు 101. తీసేస్తే మిగిలేది 24 టన్నులు. మనవాళ్ల తూకం వెయ్యండి. మనిషి 70 కిలోలు, రెండు సూట్‌కేసులు 46, చేతి సంచి 8. మొత్తం 124. ఇరవై నాలుగు టన్నులకి ఎంతమంది పడతారు? నూట తొంభై చిల్లర! విమానంలో 290 సీట్లున్నా వంద ఖాళీగా పోవాలి, లేదా సూట్‌కేసులు వెనక్కి ఉండిపోవాలి. ఇది ఇంటి దగ్గర వేసిన కాకి లెక్కే, ఎయిర్‌లైన్స్ వాళ్లు ఇంతకంటే కచ్చితంగా వేస్తారు. కానీ కథ ఎటు పోతుందో తెలియడానికి ఇది చాలు.

పొదుపు బండికేమో మోత చాలదు, మోయగల బండికేమో తిండి ఎక్కువ. అమ్మ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది.

సియాటిల్‌లో నాన్న కేఎంపీఎల్ లెక్కలు

మిగతా సగం కోసం పోయిన వేసవి ప్రయాణం గుర్తు చేసుకోవాలి. సియాటిల్‌లో మా బావగారి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలను మ్యూజియం ఆఫ్ ఫ్లయిట్‌కి తీసుకెళ్లాం. పిల్లల కోసం వెళ్లాం కానీ అక్కడి నుంచి కదలనన్నది నాన్న. బోయింగ్ పుట్టిన ఊరు కదా, విశాలమైన పైకప్పు కింద అసలు విమానాలే నిలబెట్టి ఉంటాయి. అమెరికా అధ్యక్షులను మోసిన 707, మొట్టమొదటి జంబో 747, కాంకార్డ్, డ్రీమ్‌లైనర్ తొలి నమూనాల్లో మూడోది... అరవై ఏళ్ల చరిత్ర ఒక పూటలో నడిచి చూసెయ్యొచ్చు. సియాటిల్ వెళ్లేవాళ్లు స్పేస్ నీడిల్ మానేసినా ఇది మానకండి.

మన దేశం నుంచి అమెరికాకు తొలిసారి 1960 మే నెలలో ఎయిర్ ఇండియా విమానం వచ్చింది బోయింగ్ 707 మీదే, లండన్ మీదుగా న్యూయార్క్‌కు. ఆ బోర్డు ముందు నిలబడి నాన్న ఒక మంచి ప్రశ్న వేశాడు. "అప్పుడూ గంటకి తొమ్మిది వందల కిలోమీటర్లే, ఇప్పుడూ తొమ్మిది వందలే. అరవై ఏళ్లలో స్పీడు ఒక్క అంగుళం పెరగలేదేంరా?"

జవాబు పక్కనే ఉంది. కాంకార్డ్. లోపలికి వెళ్తే మన ఊరి మినీ బస్సంత ఇరుకు. కిటికీ అరచేయంత. శబ్దానికి రెండింతల వేగం, అంటే గంటకు రెండు వేల కిలోమీటర్లు దాటి ఎగిరేది. 1976 నుంచి 2003 వరకు ప్రయాణికులను మోసింది. దాని ట్యాంకులో పట్టేది సుమారు 95 టన్నులు. ఆ ఇంధనంతో సుమారు వంద మందిని 7,000 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లగలిగేది. న్యూయార్క్ నుంచి లండన్, పారిస్ వరకు సరే. హైదరాబాద్ ఆశ పెట్టుకోకూడదు. నాలుగడుగులు వేస్తే డ్రీమ్‌లైనర్. దాదాపు అంతే ఇంధనం, రెండింతల దూరం, మూడింతల జనం.

ఆర్టీసీలో పనిచేసినవాళ్లకి కేఎంపీఎల్ అంటే ప్రాణం. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందన్న లెక్క. డిపోలో బోర్డు మీద డ్రైవర్ల పేర్లు రాసి మరీ పెట్టేవారు. నాన్న కాంకార్డ్ వైపు చూసి, "ఈ డ్రైవరుకి మెమో ఇచ్చి ఉంటారు" అన్నాడు. పక్కనున్న అమెరికన్ జంటకి మేమెందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు.

వేగం మీద ఆశ బోయింగ్‌కి చాలాకాలం చావలేదు. 2001 మార్చిలో సోనిక్ క్రూయిజర్ అని ఒక నమూనా ప్రకటించింది. ధ్వని వేగానికి కొద్దిగా తక్కువలో, మామూలు జెట్ కంటే 15, 20 శాతం త్వరగా వెళ్లేది. ఆ సెప్టెంబరులో దాడులు, ఆపైన ఎయిర్‌లైన్స్ కష్టాలు. మాకు వేగం వద్దు, ఇంధనం మిగిలించండి అన్నాయి కంపెనీలు. 2002 డిసెంబరులో సోనిక్ క్రూయిజర్ పక్కకెళ్లింది. దాని స్థానంలో మొదలైనదే తర్వాత 787 అయింది. బరువులో సగం కార్బన్ ఫైబర్ మిశ్రమాలతో చేసిన విమానం అది. లోహంలా తుప్పు పట్టదు కాబట్టి లోపల తేమ కాస్త ఎక్కువ ఉంచగలరు. గాలి ఒత్తిడి కూడా 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు కాకుండా 6,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. కాళ్లు వాచే పెద్దవాళ్లకి ఈ తేడా చిన్నదేం కాదు. అమ్మకి విమానాల్లో ఆసక్తి లేదు కానీ ఈ ఒక్క మాట మాత్రం మళ్లీ చెప్పించుకుంది.

విమానం పేరు అడిగి టికెట్ కొనేవాళ్లు ఈ మధ్య పెరిగారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో 787-8 కూలి, విమానంలోనే 241 మంది ప్రాణాలు పోయాక ఎవరింట్లో చూసినా ఇదే ప్రశ్న. అది సహజం. కారణాలు తేల్చడం దర్యాప్తు చేసేవాళ్ల పని. ఇక్కడ మనం చూస్తున్నది దూరం, బరువు, ఖర్చుల బేరీజు మాత్రమే.

నాలుగు ఇంజన్లా, రెండా?

"నాలుగు ఇంజన్లుంటే ధైర్యం కదా" అంటుంది అమ్మ. అమ్మ ఒక్కతే కాదు, ఒకప్పుడు చట్టమూ అదే అనేది. 1953 నుంచి అమెరికా నిబంధన ఏమిటంటే, రెండు ఇంజన్ల విమానం ఒకటి ఆగిపోతే గంటలోపు చేరే ఎయిర్‌పోర్టు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. అంటే మహాసముద్రాల మధ్యకి పోకూడదన్నమాట. అందుకే జంబో 747 రాజ్యమేలింది. ఇంజన్లు నమ్మకస్తులయ్యేకొద్దీ గొలుసు వదులైంది. 1985లో 120 నిమిషాలు. 1995లో 777 సర్వీసులోకి వస్తూనే 180. 2011లో అదే 777కి 330 నిమిషాలు. ధ్రువం మీదుగా రెండు ఇంజన్లతో ఎగరగలుగుతున్నది ఈ అనుమతులతోనే.

అలాగని ఇబ్బంది లేకుండా పోలేదు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వస్తున్న 777-200ఎల్ఆర్‌కి ఒక ఇంజన్‌లో సమస్య వచ్చింది. రష్యా తూర్పు కొసలో మగదాన్ అనే ఊళ్లో దించారు. 216 మంది ప్రయాణికులు. భాష రాదు, అమెరికా కార్డు పనిచేయదు. ఇంకో విమానం వెళ్లి తెచ్చేదాకా అక్కడే. క్షేమంగా దిగారు, అది నిబంధన గొప్పతనం. ఎక్కడ దిగారన్నది నాన్‌స్టాప్ ప్రయాణానికి ఉన్న ఇంకో ముఖం.

నాలుగు ఇంజన్లు ఎందుకు పోయాయో చెప్పడానికి సింగపూర్ కథ ఒక్కటి చాలు. 2004లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ నాలుగు ఇంజన్ల ఎయిర్‌బస్ ఏ340-500తో న్యూయార్క్ పక్కనున్న న్యూఅర్క్‌కి నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. 15,300 కిలోమీటర్లు, 18 గంటలు. ఇంధనం ధర పెరిగింది, లెక్క కుదరలేదు, 2013లో ఆపేశారు. 2018 అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి రెండు ఇంజన్ల ఏ350-900 యూఎల్ఆర్‌తో. మామూలుగా మూడొందల మంది పట్టే ఆ విమానంలో పెట్టిన సీట్లెన్నో తెలుసా? 161. బిజినెస్‌లో 67, ప్రీమియం ఎకానమీలో 94. ఎకానమీ అసలే లేదు!

ఇది చదివినప్పుడు మాకు కాస్త గుండె కలుక్కుమంది. సరాసరి విమానం కావాలని అడుగుతున్నది ఎవరు? మోకాళ్ల నొప్పులున్న అమ్మలు, చంకలో బిడ్డతో ఒంటరిగా వెళ్లే తల్లులు. ఆ విమానాన్ని పోషించగలిగేది ఎవరు? ముందు వరుసల్లో కాళ్లు చాపుకుని పడుకునేవాళ్లు. ముందు సీట్లు నిండితేనే వెనక సీట్లకి రెక్కలొస్తాయి. బెంగళూరుకి కార్పొరేట్ ప్రయాణికులు ఎక్కువని ఎయిర్‌లైన్స్ ఆశ. హైదరాబాద్ విమానం నిండేది ఎక్కువగా కుటుంబాలతో, విద్యార్థులతో, రెండేసి సూట్‌కేసులతో.

పల్లెవెలుగా, గరుడా?

నాన్న దీన్ని ఒక్క మాటలో తేల్చేశాడు. "గరుడ బస్సు హైవే మీద నిండాలి. లేకపోతే డిపోకి నష్టం. పల్లెవెలుగు ఊరూరా ఆగుతుంది కాబట్టి నిండుతుంది."

గల్ఫ్ ఎయిర్‌లైన్స్ చేసేది సరిగ్గా ఇదే. దుబాయ్‌లోనో దోహాలోనో మనల్ని దింపేది ఇంధనం కోసం కాదు. హైదరాబాద్ నుంచి నాలుగు గంటల లోపే దుబాయ్ వచ్చేస్తుంది, అక్కడి నుంచి షికాగోకి ఇంకా పద్నాలుగు, పదిహేను గంటలుంది. ఆగేది సీట్లు నింపడానికి. హైదరాబాద్ నుంచి కొందరు, ఢాకా నుంచి కొందరు, కఠ్మాండూ నుంచి ఇంకొందరు, అందరినీ ఒకే పెద్ద విమానంలో పోస్తారు. ఏ380లాంటి 500 సీట్ల ఏనుగుని పోషించగలిగింది ఈ పద్ధతే. అయినా 251 విమానాలతో 2021లో ఏ380 తయారీ ఆగిపోయింది. జంబో 747 కూడా చివరిది 2023 జనవరిలో ఎవరెట్‌లో డెలివరీ అయిపోయింది. చిన్న విమానాలే ఊరికో ఊరికి తిరగగలవన్న బోయింగ్ పందెం మొత్తం మీద నెగ్గింది. మన ఊరి వంతు మాత్రం ఇంకా రాలేదు.

యూరప్ దారి వేరు. మ్యాపు తీసి కొలిచి ఆశ్చర్యపోయాం. షికాగో నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ 6,970 కిలోమీటర్లు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ 7,100. ఎవరో తాడు మధ్యకి మడిచినట్టు సగం సగం! చుట్టు తిరుగుడు 800 కిలోమీటర్లే. రెండుసార్లూ సగం మేతతో బయల్దేరడం కాబట్టి బండి తేలిక. నిండు సీట్లు, నిండు సూట్‌కేసులు వేసుకోవచ్చు. లుఫ్తాన్సా 2024 జనవరిలో హైదరాబాద్‌కి మళ్లీ నడపడం మొదలెట్టినప్పుడు మనవాళ్లు సంబరపడింది ఊరికే కాదు.

రోడ్డు సంగతి కూడా నాన్న అడిగాడు కదా. శంషాబాద్ ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకి, ఎండకి గాలి పలచబడుతుంది, రెక్కకి పట్టు తగ్గుతుంది. 4,260 మీటర్ల రన్‌వే ఉంది కాబట్టి కొంత నయం. అసలు గొడవ ఆకాశంలో ఉంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. చుట్టు తిరగాలంటే ఇంకా మేత కావాలి. ఆ సెప్టెంబరు నుంచి ఎయిర్ ఇండియా ఢిల్లీ, వాషింగ్టన్ సర్వీసునే ఆపేసింది. విమానాల కొరతతో పాటు ఇదీ కారణమని చెప్పింది. ఢిల్లీకే ఇలా ఉంటే, ఇంకా దక్షిణాన ఉన్న హైదరాబాద్ మాట చెప్పేదేముంది!

777-200ఎల్ఆర్ కూడా ఇంకెన్నాళ్లో ఉండదు. ప్రపంచం మొత్తానికి అరవై చిల్లర మాత్రమే తయారయ్యాయి. దాని అన్న 777-300ఈఆర్ ఎనిమిది వందలు దాటింది. మరీ దూరం ఎగరడం కోసం కట్టిన గట్టి ఒళ్లు, పెద్ద ఇంజన్లు దగ్గర రూట్లలో వేస్తే దండగ బరువు. కొనేవాళ్లు తక్కువ. కొత్తగా రావాల్సిన 777ఎక్స్ రెక్కలు ఇంకా పొడుగు, దాదాపు 72 మీటర్లు. రెక్క పొడుగైతే ఇంధనం ఆదా, కానీ ఎయిర్‌పోర్టు గేటులో పట్టదు. అందుకని నేల మీద కొసలు పైకి మడిచేస్తారు, 65 మీటర్లకి సరిపోతుంది. 2020 జనవరిలోనే ఎగిరిన ఆ విమానం డెలివరీని 2025 అక్టోబరులో బోయింగ్ 2027కి జరిపింది.

ఒక్క విషయంలో మాత్రం మా అభిప్రాయం మారింది. మా కాలనీలో ఒక మిత్రుడికి వాళ్ల నాన్నగారి పరిస్థితి బాగాలేదని అర్ధరాత్రి ఫోనొచ్చింది. పొద్దున్నే దొరికిన ఫ్లయిట్ ఎక్కాడు. మధ్యలో కనెక్షన్ తప్పింది. ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. నాన్‌స్టాప్ ఉంటే చూసేవాణ్ణి అని ఇప్పటికీ అంటాడు. ఆ బాధ ముందు లెక్కలు చెప్పలేం. కానీ వారానికి ఒక్క నాన్‌స్టాప్ ఉంటే, ఫోను ఏ రోజొస్తుందో ఎవరికి తెలుసు? మనకి ముందు కావాల్సింది రోజూ దొరికే సీటు, మధ్యలో కాస్త తీరిక ఉన్న కనెక్షన్. సంఘాల సభల్లో ప్రతిసారీ నాన్‌స్టాప్ విమానం కోసం వినతిపత్రాలు ఇస్తుంటాం. పెద్దవాళ్లకి ట్రాన్సిట్‌లో తెలుగు మాట్లాడే మనిషి ఒకరుండాలని కూడా అందులో రాస్తే బాగుంటుంది. విమానం కొనడం కంటే అది తేలిక.

అమ్మకి ఇవన్నీ ఓపిగ్గా చెప్పాం. ఎడ్లబండి దగ్గర తల ఊపింది, ఏ350 దగ్గర ఆవలించింది. చివరికి ఫ్రాంక్‌ఫర్ట్ టికెట్లే. నాలుగు గంటల ఆగుడు, ఇద్దరికీ వీల్‌చెయిర్ రాయించాం. ఏ గేటు దగ్గర ఏం అడగాలో తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసి నాన్న జేబులో పెట్టాం.

ఆఖరి సూట్‌కేసు కాటాకి తగిలిస్తే 24.1 చూపించింది. బాదంపప్పు ప్యాకెట్ తియ్యబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అది వద్దు. ఆ ల్యాప్‌టాప్ తియ్. వాళ్ల గడ్డి మోపు మనమెందుకు మొయ్యాలి?"